ఎర్ర గీత ఆగిన చోటు

మదీనాగూడ,
జూన్ 29.

ప్రియమైన హన్నక్కకు నీ చెల్లెలు దీవెన ప్రభువు నామమున వందనాలు చెప్పి రాయునది.

ఇంటికి రావాల్సిన ఉత్తరం బడికి వచ్చిందేమిటని మీ స్టాఫ్ రూములో అందరూ అడిగే ఉంటారు. పాత స్నేహితురాలు రాసిందని చెప్పెయ్. టీచరమ్మవి కదా అని తప్పులు దిద్దుతూ కూర్చోకు, ముందు చదువు.

ఫోన్ చెయ్యనందుకు కోపం తెచ్చుకోకు. నీ ఫోనూ బావ ఫోనూ ఒకే బల్ల మీద పడుంటాయి. తోడల్లుళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు. బావ చెడ్డవాడని కాదు, బెన్నీ అడిగితే ఏదీ దాచలేడు. నా కొత్త నంబరు ఆస్పత్రిలో తప్ప ఎవరికీ ఇవ్వలేదు. నేనూ షారోనూ ఎక్కడున్నామో మనవాళ్లలో నీకొక్కదానికే తెలుసు. తెలియాల్సింది కూడా నీకొక్కదానికే.

నార్సింగిలో ఆ ఇంటి గడప దాటి రేపటికి మూడు నెలలు. ఆఖరి రోజు బెన్నీ అన్న మాట నీకు చెప్పాను. "పోతే నువ్వు పో. పాపని మాత్రం నీ కంటికి కనపడని చోటికి తీసుకుపోతా" అన్నాడు. సంఘంలో పాటలు పాడే మనిషి అలా ఎందుకంటాడే అని నువ్వు నవ్వేశావు. పోయిన క్రిస్మస్‌కి నా మణికట్టు విరిచిందీ ఆ మనిషే. జారిపడిందని అందరికీ చెప్పి, సాయంత్రం కేరల్స్ పాడటానికి కోటు వేసుకుని వెళ్లాడు. ఇప్పుడెందుకులే ఇవన్నీ. మంచి కబురుతో మొదలుపెడదామనుకున్నాను.

మంచి కబురేమిటంటే, నువ్వు పంపిన టీవీ పెట్టె, అదే సెట్‌టాప్ బాక్సు, అందింది. నేను అడగలేదు, నువ్వే కొని పంపావు. విప్పి చూసి ఏడ్చాను. మా ఓనరు నవనీతక్క తన పాత టీవీ ఇచ్చింది. డాబా మీద పాత కిరాయివాళ్లు వదిలేసిన డిష్ ఉంటే గిరీష్ అని ఒకతను వచ్చి తిప్పి సరిచేశాడు. లోపల కార్డు కూడా ఉంది, పెట్టగానే బొమ్మ వచ్చేసింది. "కొత్త డబ్బా కాదక్కా, ఎవరో వాడిందే. అయినా మంచిగుంది" అన్నాడు. పోనీలే, మన జీతాలకు వాడినదైనా కొత్తదే.

అతనే ఇంకో మాట చెప్పాడు. "దీన్ని నెట్‌కి కలుపుకుంటే యూట్యూబ్ గూడ వస్తది. వైర్ గియిర్ ఏమొద్దు. ఓనరమ్మను జర వైఫై పాస్‌వర్డ్ అడుగు." నవనీతక్క వెంటనే కాగితం మీద రాసిచ్చింది. షారోన్ ఒక్కో అక్షరం చదువుతుంటే నేను రిమోట్ బాణం గుర్తులు నొక్కుతూ పోయాను. మొదటిసారి తప్పు పడింది. రెండోసారి "కలిసింది" అని వచ్చేసరికి ఇద్దరం చప్పట్లు కొట్టాం. రిమోట్ పట్టుకోవడం కూడా రాదని బెన్నీ నన్ను ఎంత ఎగతాళి చేసేవాడో నీకు తెలుసు. నేనే కలిపానక్కా. షారోన్ తనకిష్టమైన ఏనుగు పాట పెట్టించుకుని ఏడుసార్లు చూసింది. ఇక ఆదివారాలు నువ్వు ఎప్పుడూ చూడమనే మీ తణుకు సంఘం ఆరాధన కూడా ఇక్కడి నుంచే చూడొచ్చు.

ఒక్కటే వింత. "చూస్తూ ఆపినవి" అని ఒక వరస వస్తోంది. కీబోర్డు పాఠాలు, ఏదో కారు గురించి ఒకాయన చెప్పే వీడియో. మేం చూసినవి కావు. అంతకుముందు వాడినవాళ్లవని గిరీష్ అన్నాడు. నువ్వు ఎక్కడ కొన్నావో రాయి.

నీ దీవెన


తణుకు,
జూలై 7.

ప్రియమైన చెల్లి దీవెనకు, అక్క హన్నా ఆశీస్సులు.

ఉత్తరం అందింది. షారోన్ బడికి బాగా వెళ్తోందా? పాలు తాగుతోందా? నువ్వు డ్యూటీకి వెళ్లే ముందు ఏమైనా తింటున్నావా?

ఆ పెట్టెని నెట్‌కి ఎందుకు కలిపావే? మామూలు ఛానళ్లు చాలవా? చిన్నపిల్ల కళ్లకి మంచిది కాదు. నా మాట విని తీసేయ్. టీవీ చూసుకోండి, చాలు. ఎక్కడ కొన్నానో ఏమిటో ఇప్పుడెందుకు? పంపినదాని లెక్కలు అడిగితే అక్కకి బాధ కలుగుతుంది.

ఇంకో మాట. నీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను. మే నెలలో బెన్నీ మా ఇంటికి వచ్చాడు. సగానికి సగం అయిపోయాడు. మీ బావ ముందు, నా ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మీ అడ్రసు అడగలేదు. నేనూ చెప్పలేదు, ఒట్టు. మనిషన్నాక మారడా? నీ మనసు గట్టిదైపోయిందేమో ఒకసారి ప్రార్థనలో కూర్చుని ఆలోచించు. ఆడపిల్ల తండ్రి లేకుండా పెరగడం ఎంత కష్టమో బళ్లో రోజూ చూస్తున్నదాన్ని.

నెట్ మాత్రం తీసేయ్.

నీ అక్క
హన్నా


మదీనాగూడ,
జూలై 16.

అక్కా,

షారోన్ నిద్రపోయాక దీపం తగ్గించి రాస్తున్నాను. అక్షరాలు తిన్నగా లేకపోతే క్షమించు.

మొన్న మంగళవారం నాకు సెలవు. అన్నం వండుతున్నాను. షారోన్ రిమోట్ పట్టుకుని ఏనుగు పాట కోసం వెతుకుతోంది. ఒకటో తరగతి కదా, కనపడిన ప్రతి బోర్డూ కూడబలుక్కుని చదువుతుంది. "అమ్మా, టీవీలో నా పేరుంది" అంది. ఏ పాటలోనో షారోన్ రోజా అని ఉంటుందిలే అనుకున్నాను. "షా... రో... న్... బం... గా... రం" అని చదువుతోంది. అప్పుడు గరిటె వదిలేసి వచ్చాను.

వెతికే చోట, ఇంతకుముందు వెతికినవన్నీ కిందికి వరసగా కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన ఇలా ఉంది: "షారోన్ బంగారం నాన్న ఇక్కడే ఉన్నాడు".

అక్కా, అది పాట కాదు. ఏ మనిషీ పాట కోసం అలా వెతకడు. పిల్ల నా వైపు తిరిగి నవ్వుతూ "నాన్న టీవీలోకి వచ్చాడా?" అని అడిగింది. టీవీ కట్టేసి తలుపు గడియ పెట్టి, కిటికీ కూడా మూశాను. పట్టపగలు, కింద నవనీతక్క బట్టలు ఆరేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా ఆ గదిలో మాతో ఇంకొకరు ఉన్నట్టే అనిపించింది.

గిరీష్‌ని పిలిపించాను. పైన మూలన చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది, ఇన్నాళ్లూ అదేమిటో నేను పట్టించుకోలేదు. అతను దాని మీద నొక్కాడు. "అక్కా, ఈ బెన్నీ ఎవరు? సార్ పేరా? డబ్బాల ఆయన అకౌంటే ఉంది. గందుకే ఆయన ఫోన్ల చూసింది నీ టీవీల కనవడ్తది. నువ్వు చూసింది ఆయన ఫోన్ల కనవడ్తది."

అంటే ఇరవై రోజులుగా మేం ఏం చూస్తున్నామో అతను చూస్తూనే ఉన్నాడు. ఏనుగు పాట మొదటిసారి పెట్టిన రోజే అతనికి తెలిసిపోయి ఉంటుంది. ఆ పాట ఎవరిదో అతనికి తెలియదా? డిష్ నుంచి బొమ్మ రావడమే తప్ప ఇక్కడి నుంచి ఏదీ బయటికి పోదట. నెట్‌కి కలిపాకనే ఆ పెట్టెకి నోరొచ్చింది. కలిపింది నేను. చప్పట్లు కొట్టింది నేను.

"మేమెక్కడున్నామో కూడా తెలుస్తుందా?" అని అడిగాను. "ఇల్లు తెల్వదక్కా. హైదరాబాద్‌ల ఉన్నరని తెలుస్తదేమో, గంతే. ఫికర్ చెయ్యకు. రెండు నిమిషాల పని, తీసేస్తా" అన్నాడు. నేనే వద్దన్నాను. ఎందుకన్నానో నాకూ అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. తీసేస్తే అతను ఏం చేస్తున్నాడో నాకు కనపడదు. ఇప్పుడు కనీసం చూడటానికి ఒక సందు ఉంది. పామున్న గదిలో దీపం ఆర్పేయడానికి భయమేస్తుంది కదా, అదే నా పరిస్థితి. షారోన్‌ని మాత్రం రిమోట్ ముట్టుకోనివ్వడం లేదు.

సూటిగా అడుగుతున్నాను. ఆ పెట్టె ఎక్కడిది?

దీవెన


తణుకు,
జూలై 24.

ప్రియమైన దీవెనా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నాకు ఈ నెట్ సంగతులు తెలియవు కదా. పెట్టె ఇక్కడ బస్టాండ్ దగ్గర ఒక షాపులో కొన్నాను. వాడినవి అమ్ముతారు. షాపు పేరు గుర్తు లేదు. ఇప్పుడు మూసేశారు కూడా. బెన్నీ అనే పేరు లోకంలో ఒక్కడికే ఉంటుందా? ఇంకెవరో అయి ఉండొచ్చు. షారోన్ అనే పేరు కూడా మనవాళ్లలో ఇంటికొకరికి ఉంటుంది.

నువ్వు మాత్రం ఆ వైర్లన్నీ పీకి పారేయ్. ఆ పెట్టె కూడా ఎవరికైనా ఇచ్చేయ్. నేను బతిమాలుతున్నాను. సందు అంటున్నావు, ఆ సందులోంచి నువ్వు చూడటమేమిటి?

నేను ఇక్కడ చేయగలిగింది ప్రార్థన ఒక్కటే. వచ్చే ఆదివారం తప్పకుండా చేయిస్తాను. ఏసురత్నం అయ్యగారి ప్రార్థనకి ఎందరికి మేలు జరిగిందో నీకు తెలుసు. ధైర్యంగా ఉండు.

అక్క


మదీనాగూడ,
ఆగస్టు 5.

అక్కా,

నువ్వు చేయించిన ప్రార్థన విన్నాను. నేను ఎలా విన్నానో చెప్తాను, చదువు.

ఆదివారం నాకు పొద్దున డ్యూటీ. టీవీ పెట్టలేదు. సోమవారం సాయంత్రం వచ్చి, రోజూ చూసుకున్నట్టే ఆ వరస చూశాను. మీ సంఘం ఆరాధన బొమ్మ అన్నిటికన్నా ముందుంది. నేను చూడలేదు. షారోన్ చూడలేదు. చూసినంత మేర బొమ్మ కింద ఒక ఎర్ర గీత ఉంటుంది. రెండు గంటల ఆరాధనలో ఆ గీత సగం దాటాక ఆగింది.

నొక్కితే, అతను ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలవుతుంది. నొక్కాను.

ఏసురత్నం అయ్యగారు చీటీలు చదువుతున్నారు. కువైట్‌లో పని దొరకాలని ఒకరికి, మోకాళ్ల నొప్పులు తగ్గాలని ఒకరికి. తరవాత చీటీ విప్పి, కళ్లజోడు సరిచేసుకుని, అంత పెద్ద మైకులో చదివారు: "మన హన్నా టీచరుగారి చెల్లెలు, సహోదరి దీవెన, హైదరాబాదు మదీనాగూడలో ఆరేళ్ల బిడ్డతో ఒంటరిగా ఉంటూ, నర్సుగా సేవ చేస్తున్నది. ఆమె భద్రత కొరకు సంఘమంతా ప్రార్థించండి." అందరూ ఆమెన్ అన్నారు. నీ గొంతు కూడా వినపడింది.

బెన్నీ అక్కడ ఆపేశాడు. మిగతా ఆరాధన అతనికి అక్కర్లేదు.

ఏం రాశావక్కా ఆ చీటీలో? ఊరు ఎందుకు రాశావు? దేవుడికి మా అడ్రసు తెలియదా? మన సంఘంలో చీటీలో రాసినదంతా పైకి చదువుతారని, ఆ చదివేదంతా యూట్యూబ్‌లో వస్తుందని నీకు తెలియదా? నువ్వే కదా నన్ను చూడమని చెప్పినదానివి!

తిట్టాలని కూర్చున్నాను. తిట్టడానికి కూడా ఓపిక లేదు. భయమేస్తోంది, అంతే. బస్సులో ఎవరైనా వెనక నిలబడితే భయం. వార్డులో "సిస్టర్" అని మగగొంతు పిలిస్తే భయం. నార్సింగి ఇక్కడికి ఎంత దూరమని? అతని ఆఫీసు ఇంకా దగ్గర. ఇంతమంది జనంలో మమ్మల్ని ఎవరు కనుక్కుంటారన్న ధైర్యంతోనే ఈ ఊళ్లోనే ఉండిపోయాను. ఆ ధైర్యం నిన్నటితో పోయింది.

పోలీస్ స్టేషన్‌కి నవనీతక్క తోడొచ్చింది. ఫిర్యాదు రాసిచ్చాను. తీసుకున్నారు, పిలుస్తామన్నారు. బయటికొచ్చాక నవనీతక్క నా చెయ్యి పట్టుకుని "నువ్వు పరేషాన్ గాకు చెల్లె. మా ఆయన సెక్యూరిటీ చేసేటోడు. గేటు దాటి ఎవడొస్తడో నేను చూస్త" అంది. వాళ్లాయన శివశంకర్ గారు హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. కిరాయికి వచ్చిన మనిషినని చూడకుండా ఆవిడ అన్న మాట అది. నా సొంత అక్క నుంచి వినాలనుకున్న మాట.

పెట్టె ఎక్కడిదో ఇప్పుడైనా రాస్తావా?

దీవెన


తణుకు,
ఆగస్టు 12.

దీవెనా,

రాస్తున్నాను. ఇది చదివాక నా ముఖం చూడనన్నా నేనేమీ అనలేను.

షాపు లేదు. ఏ షాపూ లేదు. ఆ పెట్టె బెన్నీ ఇచ్చాడు.

మే నెలలో వచ్చాడని రాశాను కదా, అప్పుడు తెచ్చాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, మీ బావ చెప్పులేసుకుంటుంటే నా చేతికిచ్చాడు. "వదినా, పాపకి టీవీ లేకపోతే అన్నం దిగదు. నేనిచ్చానంటే దీవెన తీసుకోదు. మీరు కొన్నట్టు పంపండి" అన్నాడు. నేను తటపటాయిస్తే, "మీరు అడ్రసు చెప్పక్కర్లేదు. నేను అడగను కూడా. పెట్టె చేరితే నాకదే చాలు" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. అడ్రసు అడగలేదు కాబట్టే నమ్మాను చెల్లీ. ఎంత మంచివాడో అనుకున్నాను. పెట్టె చేరితే చాలన్న మాటకి అర్థం నీ ఉత్తరం చదివాక తెలిసింది.

జూన్‌లో నువ్వు నెట్‌కి కలిపానని రాసినప్పుడే నా మనసు ఏదో కీడు శంకించింది. అప్పుడే చెప్పాల్సింది. అక్కని నేను, నాకు తెలియనిది నీకేం తెలుసని మూడు నెలలు నీకు నీతులు చెప్పిన దాన్ని. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నీకు చెప్పలేక దేవుడికి చెప్పుకుందామని చీటీ రాశాను. ఊరు ఎందుకు రాశావని అడిగావు. ఊరు రాయకపోతే ప్రార్థన సరిగ్గా చేరదేమోనని భయపడ్డాను. పాతికేళ్లుగా పిల్లలకి చిరునామా సరిగ్గా రాయడం నేర్పుతున్న దాన్ని, అలాగే రాశాను. రాసేటప్పుడు నా తలలో మైకు లేదు, యూట్యూబ్ లేదు. నువ్వూ పాపా మాత్రమే ఉన్నారు.

నీ చెయ్యి విరిగినప్పుడు కూడా నీ మాట నమ్మలేదు. అతను చెప్పిందే నమ్మాను. ఎందుకంటే అతని మాట నమ్మితే నేనేమీ చేయనక్కర్లేదు. నీ మాట నమ్మితే మీ బావతో పోట్లాడాలి, సంఘంలో మాట పడాలి. ఇంత నీచంగా ఆలోచించానని నాకూ ఇప్పుడే తెలుస్తోంది.

ఏం చెయ్యమంటావో చెప్పు. ఏదైనా చేస్తాను.

హన్నా


ఆగస్టు 22.

అక్కా,

పైన ఊరు పేరు లేదని చూసే ఉంటావు. రాయను. ఏమనుకోకు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద పళ్లు కొరికాను. తరవాత దానికి తీరిక లేకపోయింది.

స్వాతంత్ర్య దినం రోజున షారోన్ వాళ్ల బళ్లో డాన్సులు చేశారు. బడివాళ్లు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అన్ని బళ్లవాళ్లూ పెడతారు, అదో గొప్ప. అలా పెట్టారని నాకు తెలియదు. బుధవారం నాకు సెలవు. షారోన్‌ని బడికి పంపి, పదకొండింటికి టీవీ పెట్టాను. వెతికినవాటిలో "మదీనాగూడ స్కూల్ ఇండిపెండెన్స్ డే" అని ఉంది. కింద వరసలో నాలుగు బళ్ల వీడియోలు. నాలుగూ చివరిదాకా చూసినట్టు ఎర్ర గీత నిండుగా ఉంది. అయిదోది మా బడి. దాని గీత మధ్యలో ఆగింది.

రిమోట్ చేతిలో ఉంది. నొక్కడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నొక్కాను. ఒకటో తరగతి పిల్లలు, రెండో వరస, కుడివైపు నుంచి మూడోది. తలకి మూడు రంగుల రిబ్బను కట్టుకుని, ఒక అడుగు వెనకబడి గెంతుతున్న మన షారోన్. ఆ రోజు పొద్దున ఆ రిబ్బను కట్టింది నేనే.

నేను చూస్తున్నానని అతనికి తెలుసక్కా. తెలిసే చెరపకుండా ఉంచాడు. నేను వణకాలని.

అప్పుడు నా బిడ్డ ఆ బళ్లోనే ఉంది. తాళం వేశానో లేదో తెలియదు, పరిగెత్తాను. మెయిన్ రోడ్డు మీద లారీలు ఆగవు. ఎలా దాటానో దేవుడికే తెలుసు. బడి గేటు దగ్గర ఆయా పోచమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి "ఏందమ్మా, గిట్ల ఉరుకొస్తున్నవ్? పాప మంచిగనే ఉంది. పొద్దుగాల ఒక సారు వచ్చిండు. అడ్మిషన్ కావాల్నని చెప్పి గేటు కాడ నిలవడి పోరల మొకాలు చూస్కుంట ఉన్నడు. నాకేమో మంచిగ అనిపియ్యలే, లోపలికి పోనియ్యలే" అంది. ఎలా ఉన్నాడని అడిగాను. "తెల్లంగ, మంచిగ నవ్వుతున్నడు" అంది. ఆ నవ్వు నాకు తెలుసు.

షారోన్ అన్నం తింటోంది. చెయ్యి కడిగించకుండానే ఎత్తుకుని వెనక గేటులోంచి తెచ్చేశాను. "అమ్మా, నా బ్యాగు" అని ఏడ్చింది. బ్యాగు అక్కడే ఉండిపోయింది.

నవనీతక్క మూటలు తనే కట్టింది. శివశంకర్ గారు ఆఫీసు నుంచి వచ్చి మమ్మల్ని తనే దింపారు. ఎక్కడ దింపారో ఆవిడకి కూడా చెప్పలేదు, చెప్పొద్దని ఆవిడే అంది. "నాకు తెలిస్తెనే గద నోరు జారేది" అంది. పెట్టె మాత్రం అక్కడే ఉంచి వచ్చాను, నెట్‌కి కలిపే ఉంది. ఆవిడే చెప్పింది: "నువ్వు పో చెల్లె. నేను రోజు పొద్దుమీకి ఏనుగు పాట పెడ్త. నువ్వు ఇంకా ఈడనే ఉన్నవని అనుకోని వాడు ఈడనే దేవులాడుకుంటడు. నువ్వు దూరం పో."

ఏం చెయ్యమంటావని అడిగావు. నా గురించి ఎవరికీ ఏమీ చెప్పకు. దేవుడికి కూడా నోటితో చెప్పకు. ఏమైనా రాయాలనిపిస్తే నవనీతక్కకి పంపు. శివశంకర్ గారి ద్వారా ఎప్పటికో ఒకప్పటికి నాకు చేరుతుంది.

షారోన్ రోజూ ఏనుగు పాట అడుగుతోంది. నేనే పాడుతున్నాను. శ్రుతి లేదని నవ్వుతోంది.

దీవెన


మదీనాగూడ,
సెప్టెంబర్ 3.

చెల్లీ,

పైన ఊరు పేరు చూసి కంగారు పడకు. నీ గదిలో కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే బడికి సెలవు పెట్టి రైలెక్కాను. మీ బావకి చీటీ రాసిపెట్టి వచ్చాను. వారం రోజుల్లో వస్తానని మాత్రమే రాశాను, ఊరు రాయలేదు. చూశావా, నేర్చుకుంటున్నాను.

నవనీత మొదట నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు కమ్మీల్లోంచి అరగంట నిలబెట్టి మాట్లాడింది. ఎవరో తెలిశాక "నువ్వేనా ఆ చీటీ రాసిన అక్కవి?" అంది. అవునన్నాను. లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చింది. ఆవిడకి ఇద్దరు పిల్లలున్నారు. పాట పెట్టాల్సింది నేను, ఆవిడ కాదు. అదే చెప్పి నీ గది తాళం తీసుకున్నాను.

ఏనుగు పాట ఎలా పెట్టాలో ఆవిడ నేర్పింది. రోజూ సాయంత్రం ఏడుసార్లు పెట్టాను, షారోన్ లెక్క ప్రకారం. ఒక్కదాన్నే కూర్చుని ఆ పాట వింటుంటే మెట్ల మీద ప్రతి అడుగు చప్పుడుకీ లేచి గడియ చూసుకునేదాన్ని. గోడ మీద షారోన్ గీసిన సున్నాలున్నాయి. ఆ భయంతో నువ్వు ఐదు నెలలు ఎలా ఉన్నావే? ఐదు రోజులకే నాకు అన్నం దిగలేదు.

ఆరో రోజు, అంటే నిన్న, సాయంత్రం ఆరింటికి వచ్చాడు.

తలుపు కొట్టిన తీరు చాలా మర్యాదగా ఉంది. శివశంకర్ పైమెట్టు మీద కూర్చునే ఉన్నాడు, డ్యూటీ మార్పించుకుని వారమంతా అక్కడే ఉన్నాడు. నవనీత కింద గేటు దగ్గర ఫోన్ పట్టుకుని ఉంది, ముందే అనుకున్నట్టు అతన్ని పైకి రానిచ్చింది. నేను తలుపు తీశాను.

ఒక చేతిలో షారోన్ స్కూలు బ్యాగు, ఇంకో చేతిలో చాక్లెట్ డబ్బా. నన్ను చూసి ఆగిపోయి, మళ్లీ నవ్వాడు. "వదినా, మీరా! బళ్లో తండ్రినని కార్డు చూపిస్తే అడ్రసు ఇచ్చారు. పాప ఏది?" అన్నాడు. నా భుజం మీదుగా లోపలికి చూశాడు. లోపల టీవీలో ఏనుగు తొండం ఊపుతోంది. మంచం ఖాళీ. అల్మరా తలుపులు తీసే ఉన్నాయి, అందులో ఒక్క గౌను లేదు.

"ఇక్కడ ఎవరూ లేరు బెన్నీ. పాట పెట్టింది నేనే" అన్నాను.

అప్పుడు ఆ నవ్వు పోయింది. మెల్లగా పోలేదు, ఒక్కసారిగా పోయింది. కింద ఇంకో ముఖం ఉంది. అరవలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఎక్కడ నొక్కాలో తెలిసిన పట్టు అది. నీ చెయ్యి ఎలా విరిగిందో నాకు ఆ క్షణంలో తెలిసింది. నాలుగేళ్లుగా నువ్వు చెప్తూ వచ్చిన మనిషిని నేను నిన్న మొదటిసారి చూశాను చెల్లీ. రెండో చేత్తో తలుపు పట్టుకున్నాను.

"ఎక్కడుంది?" అన్నాడు. శివశంకర్ లేచి "సార్, అక్క చెయ్యి ఇడ్సిపెట్టు. పైన కెమెరా ఉంది, అన్నీ వడ్తున్నయ్" అన్నాడు. వదిలేశాడు. చొక్కా సవరించుకున్నాడు. దిగేముందు వెనక్కి తిరిగి "కనుక్కుంటా వదినా" అన్నాడు, ఆరాధనలో వందనాలు చెప్పినంత నెమ్మదిగా. చాక్లెట్ డబ్బా తీసుకుపోయాడు. బ్యాగు గుమ్మంలో వదిలేశాడు.

ఇవాళ ఆ కెమెరా వీడియో, నా చేతి మీద కమిలిన గుర్తులు పట్టుకుని ముగ్గురం స్టేషన్‌కి వెళ్లాం. నీ ఫిర్యాదు కింద నాది కూడా రాసుకున్నారు. మంచి మేడమ్ ఉంది, ఆస్పత్రికి పంపించి కాగితం రాయించింది. దీంతో అయిపోతుందని నేను చెప్పను. అతను కనుక్కుంటానన్నాడు. అతని బెదిరింపు నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, అన్నది చేస్తాడని ఇప్పుడు నేనూ నమ్ముతున్నాను. ఇకనుంచి నాకూ భయమే. నీ భయంలో నాకు కూడా వాటా ఉండాల్సింది ఎప్పటినుంచో.

పెట్టె గిరీష్ విప్పి ఇచ్చాడు. మేడమ్‌కి అప్పగించాం. షారోన్ బ్యాగు ఈ ఉత్తరంతో పాటు నవనీతకి ఇస్తున్నాను. ప్రతి పుస్తకం దులిపి చూశాను, కుట్లు కూడా తడిమాను, అందులో ఏమీ పెట్టలేదు. అయినా నువ్వు మళ్లీ ఒకసారి చూడు.

ఒక్క మాట చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అతను నా చెయ్యి పట్టుకుని నువ్వెక్కడున్నావని అడిగినప్పుడు, నొప్పికి నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది. నాకు ఊరు తెలిసి ఉంటే ఆ క్షణంలో చెప్పేసేదాన్ని. దాచడం లేదు, చెప్పేసేదాన్ని. నువ్వు పైన ఊరు రాయలేదు కాబట్టి నా దగ్గర ఒక్క మాటే ఉంది, "నాకు తెలియదు" అన్నాను.

ఊరు ఎప్పుడూ రాయకు చెల్లీ.

హన్నా